వెనక సీటు

"వెనక సీటు ఫ్రేము కోసేస్తేనే రేసు బండిలా ఉంటుంది. కోయనా?" గ్రైండరు పట్టుకుని అడిగాడు మెకానిక్ బాగ్యో.

"వద్దురా. ఇరవై ఏళ్లు నాన్న వెనక ఆ సీటు మీదే సోయా టెంపే అచ్చుల బుట్టలతో బజారుకెళ్లి అమ్మ నన్ను చదివించింది. ఇకనుంచి అమ్మను నేను తిప్పుతాను."

నాన్న పాత హోండాను మూడు నెలలుగా మా వసారాలో విప్పి బాగుచేస్తున్నాం.

సోయా గింజలు కడుగుతున్న అమ్మ తలెత్తింది. "కోసెయ్ నాయనా బాగ్యో. మన ఆడవాళ్ల లుంగీ కట్టుతో ఎప్పుడూ ఒక పక్కకే తిరిగి కూర్చుని నా తుంటి పోయింది. ఇక నేనెక్కను."

"ముందే చెప్పొచ్చుగా అమ్మా?"

"బండిలో ఏ బోల్టు అరిగిందో వెతికి వెతికి చూస్తావు. నేను నడిచేదీ ఈ ఇంట్లోనేగా."

అమ్మ లేచి నీళ్లకు వెళ్లింది. ఎడమ కాలు ఈడుస్తోందని అప్పుడు చూశాను.