పురుగుల గోలీలు

"ఇంకొంచెం నోరు తెరువు బిడ్డా," అంటూ యాస్మీన్ డాక్టరమ్మ నా విరిగిన దవడపన్నును చిన్న అద్దంతో చూసింది. "పీకే పని లేదు. విరిగినంత మేర ఆన్‌లే, అంటే పంటి రంగు తొడుగు, అతికిస్తా. కానీ నిద్రల పండ్లు కొరికితే అది గుడ పలుగుతది. కొరుకుతవా?"

"తెల్వది మేడం."

"పక్కన పండుకునేటోళ్లను అడగలే?"

నన్ను కన్న అవ్వ ఇంటిపనికని మస్కట్ పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి నా పక్కన ఎవరూ పడుకోరు.

"కొరుకుతది మేడం," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ బాపు. "వాళ్లవ్వ పోయినప్పటిసంది, రోజూ."

"మీకెట్ల తెలుసు?"

"దాని అర్ర తలుపు బయట మంచమేసుకుంట. తెల్లారేదాక ఇనవడుతనే ఉంటది. కడుపుల పురుగులనుకొని గోలీలు గుడ తెచ్చిన."

డాక్టరమ్మ నవ్వింది. "పురుగులు కాదయ్యా, ఫికర్. మనసుల దిగులు."

ఆ గోలీలు నాకు గుర్తున్నాయి. ఎందుకో చెప్పకుండా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఈ ఇంట్లో నన్ను పట్టించుకునేవాళ్లే లేరని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

"మరి నువ్వెప్పుడు పండుకుంటవు బాపూ?" అని అడిగాను.

బాపు గోడమీది దంతాల బొమ్మను చూస్తూ నిలబడ్డాడు.