కప్పల నోటుబుక్కు

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ విన్నిపెగ్‌లో చదువుకుంటున్న సుధామయి, నా వంటింటి నోటుబుక్కును ఫోన్‌తో ఫొటోలు తీస్తూ దొరికిపోయింది.

"ఎవరికి పంపిస్తున్నావ్?" అంటూ పుస్తకం లాక్కున్నాను.

"మా ప్రొఫెసర్‌కి ఆంటీ! వెనక చిత్తడినేలలో కప్పలు ఏ రోజు అరవడం మొదలుపెట్టాయో మీరు పదకొండేళ్లుగా రాశారు. మా రీసెర్చ్ మూడేళ్లదే."

"కప్పల మీద చదువా? నా చెవిలో పువ్వు పెట్టకు."

"నిజం ఆంటీ. అక్కడ రోడ్డు వేస్తారట. కప్పలు ప్రతి ఏడూ రావని వాదిస్తున్నారు. ఇది చూపిస్తే ఆపొచ్చు."

నా రాత ఒకరికి పనికొస్తుందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అయినా అనుమానం తీరక, పుస్తకం ఆమె చేతికివ్వకుండా ఆ రోడ్డు గురించి శుక్రవారం సిటీ పెట్టిన హియరింగ్‌కు నేనే పట్టుకెళ్లాను.

అధికారి ప్రతి పేజీ తిప్పి చూశాడు. రోడ్డు పని ఆపి మళ్లీ పరిశీలిస్తామన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఇన్నేళ్లు ఇంత శ్రద్ధగా ఎందుకు రాశారు?" అని అడిగాడు.

"మా ఆంటీకి కప్పలంటే ప్రాణం," అంది సుధామయి.

నేను తలూపాను. మొదటి పేజీని ఆ పొద్దున్నే చింపేశాను. దాని మీద ఇలా రాసుకున్నాను: 'ఈ కప్పల గోల భరించలేక, గుంట పూడ్పించమని సిటీకి ఇవ్వబోయే ఫిర్యాదుకు ఆధారాలు.'