కిటికీలో గ్లాసు

బడిగోడలకు నోరొచ్చాక భద్రిరాజు మాస్టారికి సుఖంగా ఉంది. పాఠం పేరు చెప్పి కుర్చీలో కూలబడితే చాలు, గోడే బొమ్మకట్టి చూపిస్తుంది. ఆ రోజు పాఠం జాతివివక్ష. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళకో బెంచీ, నల్లవాళ్ళకో బెంచీ ఉండటం చూసి ఎనిమిదో తరగతి ఉడికిపోయింది.

"అద్గదీ! ఇప్పుడు మన దగ్గర్లోదొకటి చూపించు," అన్నారు మాస్టారు, మద్రాసులో దొరల క్లబ్బు వస్తుందనుకుని.

గోడమీదికి వాళ్ళ స్టాఫురూమే వచ్చింది. బల్లమీద ఆరు గాజు గ్లాసులు, దూరంగా కిటికీలో ఒక సొట్ట స్టీలు గ్లాసు. ఆ సొట్టది బడి ఊడ్చే సువార్తమ్మది. ఏడు గ్లాసులూ రోజూ తోమేది మాత్రం ఆవిడే.

"ఇది ఏ దేశమండీ?" అంది ముందు బెంచీ పిల్ల.

"గోడ పాడైందమ్మా," అంటూ మాస్టారు ప్లగ్గు పీకబోయారు.

"నే బానే ఉన్నానండి. దగ్గర్లోది అడిగారు కదా," అంది గోడ.

గుమ్మంలో సువార్తమ్మ చీపురు పట్టుకుని అంతా చూస్తోంది. మాస్టారికి నోరెండిపోయింది.

"ఎవరైనా కాసిని మంచినీళ్ళు తెండర్రా."

"నే తెత్తానండి," అంది సువార్తమ్మ. "ఏ గ్లాసులో తెమ్మంటారు?"

పిల్లలంతా ఆయనవైపు తిరిగారు. గోడ కూడా బొమ్మ ఆపి ఎదురుచూసింది.