ఉపవాసమున్న బోధకుడు

కొండవాలున మేసే గొర్రెల మందలోకి ఒక మేకపోతు బోధకుడిగా వచ్చాడు. గంభీరమైన గొంతు, తెల్లని గడ్డం. మూడు రోజుల్లో మంద మొత్తం ఆయన ఏమన్నా "ఆమెన్" అనడం నేర్చుకుంది.

నాలుగో రోజు ఆయన ఒక పొద చూపించాడు. "పచ్చగడ్డి దైవసేవకు విడిచిపెట్టి, మీరు ఈ ఆకులు తినండి. కాపరి నాకు కలలో చెప్పాడు," అన్నాడు.

మంద పొదవైపు కదిలింది. అందులో దీనమ్మ అనే గొర్రె కూడా ఉంది. ఆమె పిల్ల అప్పటికే మూతి చాపింది. ఏ ఆకైనా వాసన చూశాకే తినాలని కాపరి నేర్పాడు. ఆమె పిల్లను పక్కకు నెట్టి వాసన చూసింది. విషపు గన్నేరు.

"అయ్యా, ముందు మీరు తినండి," అంది.

"నేను ఉపవాసంలో ఉన్నానమ్మా."

"మరి పొద్దున మా ఉలవలు నమిలిన నోరు ఎవరిదండీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. సొలొమోను అనే పొట్టేలు మాత్రం కసిరాడు. "దైవజనుణ్ణే పరీక్షిస్తావా? కళ్లు పోతాయి!"

"కాపరి మాటతోనే పరీక్షిస్తున్నాను బావా. ఆయన ఎన్నడైనా మనల్ని గన్నేరు తినమన్నాడా?"

మేకపోతు గొంతు పెంచి మళ్లీ ప్రసంగం ఎత్తుకున్నాడు. దీనమ్మ పొదకు అడ్డంగా నిలబడింది. మంద తోసినా కదల్లేదు.

ప్రసంగం సాగుతుండగానే సొలొమోను మెడ చాచి ఒక ఆకు వాసన చూశాడు. వచ్చి, ఆమె పక్కన తనూ అడ్డంగా నిలబడ్డాడు.