రెండు గదుల సిలిండర్

“ఒక గదిదే ఇవ్వు ఎల్మో. మా నాన్న వేసింది అదే,” అంటూ డ్వెయిన్ పాత బ్రేకు మాస్టర్ సిలిండర్‌ని కౌంటర్ మీద పెట్టాడు.

“రెండు గదులది,” అంది అతని అక్క కోరా.

బేకర్స్‌ఫీల్డ్‌లోని ఆ స్పేర్‌పార్ట్స్ కొట్టులో పావుగంటగా ఇదే తగువు. తండ్రి పంతొమ్మిది వందల ముప్పైరెండు మోడల్ ఫోర్డుని విప్పి, పెద్ద ఇంజను ఎక్కించి, దూసుకుపోయే హాట్‌రాడ్ చేసుకున్నాడు. ఆయన పోయిన రెండేళ్ళలో కోరా దాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు. శనివారం కార్ల క్లబ్బువాళ్ళతో, ఆయన పోయిన ఆ కొండదారిలోనే నడుపుతానని డ్వెయిన్ పట్టు. బ్రేకులు తను చెప్పినట్టు చేస్తేనే తాళమిస్తానని ఆమె పట్టు.

“నడిపేది నేను. నీకెందుకే అక్కా?”

“నడిపేది నువ్వు కాబట్టే. ఒక గదిదైతే ఎక్కడ నూనె కారినా నాలుగు చక్రాలకీ బ్రేకుండదు. రెండు గదులుంటే ముందువి పోయినా వెనకవి పట్టుకుంటాయి.”

“ముప్పై ఏళ్ళు నడిపాడు నాన్న. ఏనాడైనా కారిందా? కొండ దిగుతుంటే గుండె ఆగిపోయింది. దానికి ఎన్ని గదులుంటే ఏం లాభం?”

కోరా కౌంటర్ మీది పాత సిలిండర్‌ని పక్కకి తోసింది.

“క్లబ్బులో నవ్వుతారు. స్కూలు బస్సు బ్రేకులు పెట్టించావంటారు.”

“నవ్వనీ. వాళ్ళ నవ్వు నీ కారుని ఆపదు.”

కొట్టు యజమాని ఎల్మో లోపల్నుంచి ఒకటి తెచ్చాడు. “ఇదిగో తల్లీ, రెండు గదులది. అందరూ ఇదే పట్టుకెళ్తారు.”

కోరా దాని వెనక రంధ్రంలో వేలు పెట్టింది. గోరు మునగగానే అడుగు తగిలింది.

“ఇది తొక్కుడికి సాయంచేసే బూస్టరున్న బండిది. మాది ఉత్త కాలితో తొక్కేది. ఈ లోతు చాలదు, పెడల్ కడ్డీ జారిపోతుంది. లోతుది తే.”

ఎల్మో నాలుక కరుచుకున్నాడు. “నేనే నీ దగ్గర పనికి చేరాల్సిందమ్మా.”

“ముందు సరైనది తెచ్చి చేరు.”

రెండోదానిలో వేలు చాలా లోతుకి దిగింది. కోరా తలూపింది.

“బ్రేకు గొట్టాలు కూడా కొత్తవి. అన్నీ.”

డ్వెయిన్ మొహం మాడిపోయింది. “వాటికేమొచ్చింది? అవి నేను వంచి బిగించినవి! నేను అలాస్కా చమురు బావులకి బయల్దేరే ముందు, నాన్న కోసం చేసిన ఆఖరి పని.”

“తెలుసు. అయినా కొత్తవే.”

“నా పని మీద నమ్మకం లేదని మొహాన చెప్పు.”

“తాళం కావాలా, వద్దా?”

అతను సణుక్కుంటూ పెట్టె ఎత్తుకున్నాడు.

ఇంటికి రాగానే కోరా, “పాత గొట్టాలు నేను విప్పుతా. నువ్వెళ్ళి సిలిండర్ కడిగి తుడువు,” అని అతన్ని షెడ్డు అవతలికి పంపి, కారు కిందికి దూరింది. ముందు చక్రానికి వెళ్ళే గొట్టం ఊడదీసింది. నట్టు దగ్గర దాని మూతి నిలువునా చీలి ఉంది. అక్కడ అంచుని రెండుసార్లు మడవాలి, లేకపోతే బ్రేకు నూనె ఒత్తిడికి చీలుతుంది. డ్వెయిన్ ఒక్కసారే మడిచాడు.

ఆమె దాన్ని మోకాలికి అదిమి నాలుగుగా వంచి, తుక్కు డబ్బా అడుక్కి కుక్కింది.

“ఏమైనా దొరికిందా అక్కా?” డ్వెయిన్ అవతలనుంచి కేకేశాడు.

“తుప్పు,” అంది.

నాన్న గుండెపోటు, తమ్ముడు అలాస్కాలో ఉండగా ఆమె కల్పించిన మాట.