ఏటేటా పెరిగిన ముఖం

"ఇంకో నాలుగు దెబ్బలు వెయ్యి. బుడగలన్నీ పైకి రావాలి," అన్నాడు అచ్చుల మేస్త్రి, ప్లాస్టర్ పోసిన పెట్టెను చేత్తో తడిమి చూస్తూ. "ఒక్కటి నిలిచినా ముఖం పాడవుతుంది."

పనివాడు సుత్తి ఎత్తేలోపు గేటు కాపలాదారు రొప్పుకుంటూ లోపలికి వచ్చాడు.

"మేస్త్రీ, చిన్నమ్మాయి వచ్చింది."

"లారీలోంచి బొమ్మేదో జారిపడి ఉంటుంది. తీసి లోపల పెట్టు."

"బొమ్మ మంచినీళ్లు అడుగుతుందా మేస్త్రీ?"

ఆ ఊళ్లో చిన్నమ్మాయి అంటే ఒక్కతే. బట్టల షాపుల్లో నిలబెట్టే బొమ్మలు తయారుచేసే ఈ ఫ్యాక్టరీ యజమాని కూతురు. ఆరేళ్లప్పుడు రైల్వే స్టేషన్ రద్దీలో తండ్రి చెయ్యి వదిలి తప్పిపోయింది. పోలీసులు చేతులెత్తేశాక పెద్దాయనకు ఒక ఆలోచన వచ్చింది. తన బొమ్మలు దేశమంతా వెళ్తాయి కదా, వాటికి బిడ్డ ముఖమే పెడితే ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరు గుర్తుపట్టరా అని. దొరికిన ఫొటో ఒక్కటే, అదీ పక్కనుంచి తీసింది. కుడి చెంప తప్ప ఏమీ కనపడదు. మిగతా సగం మేస్త్రి ఊహించి చేశాడు. అది మొదలు ఏటా, పోయినేటి బొమ్మ ముఖం మీదే మట్టి అద్ది, ఒక ఏడు వయసు పెంచి, కొత్త అచ్చు తీస్తున్నాడు. ఇరవై రెండేళ్లు గడిచాయి.

పెద్దాయన పుట్టిన ఊరికి చెయ్యనిది లేదు. బడి కట్టించాడు, ఆసుపత్రి కట్టించాడు, వీధివీధికీ నీళ్లు తెచ్చాడు. కట్టిన ప్రతిదాని గుమ్మంలోనూ ఒక బొమ్మ నిలబెట్టాడు. బడి వరండాలో ఎనిమిదేళ్ల చిన్నమ్మాయి, ఆసుపత్రి మెట్ల దగ్గర పదిహేడేళ్ల చిన్నమ్మాయి. మొదట్లో జనం జడుసుకున్నారు. పోనుపోను అలవాటుపడి, దారినపోతూ పలకరించడం నేర్చుకున్నారు. రోజుకో కొత్త బట్ట కట్టే భాగ్యం మన పిల్లకే ఉందని ఆడవాళ్లు నవ్వుకునేవారు. అసలు పిల్ల ముఖం మాత్రం ఎవరికీ గుర్తులేదు. కన్నతండ్రి కూడా మర్చిపోయాడేమోనని మేస్త్రికి అప్పుడప్పుడు దిగులు వేసేది.

మేస్త్రి చేతులు తుడుచుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. ఎర్రటి ఎండలో ఆమె నిలబడి ఉంది. పోయిన నెల తన చేతుల మీదుగా లారీ ఎక్కిన ముఖం. అదే ముక్కు, పెదవి చివర అదే వంపు, ఎడమ చెవి కింద గింజంత ఉబ్బెత్తు మచ్చ.

"ఎక్కణ్ణుంచి వస్తున్నావమ్మా?"

"చాలా దూరం నుంచండి. ఒక షాపు అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. అంతకుముందువి నాకేమీ గుర్తులేవు."

"ఎండలో ఎందుకు, ఇలా నీడలో కూర్చో."

"పర్వాలేదండి. నిలబడటం నాకు అలవాటే."

పెద్దాయన మంచం పట్టి మూడు నెలలైంది. డాక్టరు ఇక రోజుల మాటే అన్నాడు. బిడ్డ కోసం కళ్లు కాయలు కాచి, ఇప్పుడా కళ్లు కూడా సరిగా కనపడటం లేదు. మేస్త్రి ఆమెను ఇంటికి తీసుకెళ్తే, పెద్దాయన అక్కగారు గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"పన్నెండో చిన్నమ్మాయా?" అంది చిరాగ్గా. "వచ్చిన పదకొండు మందీ బొమ్మను చూసి మచ్చ దిద్దుకుని వచ్చినవాళ్లే. వచ్చిన ప్రతిసారీ వీడు నమ్మడం, ఆనక వారం రోజులు అన్నం మానేయడం. ఇక వీడికి తట్టుకునే ఓపిక లేదు మేస్త్రీ."

తడిగుడ్డ తెచ్చి ఆమె చెవి కింద గట్టిగా తుడిచింది. గోటితో గీకి చూసింది. ఆమె కదల్లేదు, మెదల్లేదు. అక్కగారు గుడ్డ తిప్పి చూసింది, మరకేమీ అంటలేదు.

"పోవట్లేదు," అంది మెల్లగా. "ఇది పుట్టుమచ్చే."

లోపల్నుంచి పెద్దాయన పిలిచాడు. "మేస్త్రీ, ఇలా రా. మచ్చలూ వద్దు, మాటలూ వద్దు. ఇన్నేళ్లూ ఆ ముఖం నీ చేతుల్లోనే కదా పెరిగింది. నువ్వు చెప్పు, నమ్ముతాను. నా బిడ్డేనా?"

మేస్త్రి ఆమెను మంచం దగ్గరికి తీసుకెళ్లి, చెవి కింద వేలు పెట్టాడు. మెత్తగా తగిలింది, మనిషి చర్మమే. అంతసేపు ఎండలో ఉన్నా చల్లగా ఉంది. పచ్చి రంగు వాసన వచ్చింది. తన చేతులదే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు. వచ్చినప్పటి నుంచి ఆమె ఒక్కసారైనా రెప్ప వేసిందో లేదో అతనికి గుర్తురాలేదు.

మంచం మీద ముసలాయన ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాడు.

"మీ అమ్మాయేనండి," అన్నాడు మేస్త్రి.

పెద్దాయన తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇంత చల్లగా ఉందేం తల్లీ?"

"ఇప్పుడేగా నాన్నా వచ్చాను."

ఆయన నవ్వాడు. ఇన్నేళ్లలో మేస్త్రి ఆ నవ్వు చూడటం అదే మొదలు. అక్కగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కబురు తెలిసి వీధిలో జనం పోగవుతున్నారు.

మేస్త్రి జనాన్ని తప్పించుకుని ఫ్యాక్టరీకి వచ్చేశాడు. పొద్దున పోసిన అచ్చు పెట్టె పక్కన కూలబడ్డాడు. గట్టిపడిపోయిందని తెలిసి కూడా సుత్తి తీసుకుని దాన్ని తట్టడం మొదలుపెట్టాడు. ఒక విషయం అతను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు, ఇకముందు చెప్పేదీ లేదు.

ఆ మచ్చ బిడ్డది కాదు, పదిహేనేళ్ల కిందట తన అచ్చులో నిలిచిపోయిన గాలిబుడగది.