పక్క పొయ్యి

"పులిహోర డబ్బా తేలేదు కదా?" బ్రిస్బేన్ పార్కులోని ఉచిత పొయ్యి మీద మాంసపు సాసేజీలు దొర్లిస్తూ అడిగాడు శశిధర్.

"వాసనొస్తుందన్నారుగా, తేలేదు. పాపేమో ఆకలని ఏడుస్తోంది, ఆ మాడిన వేళ్లలాంటి వాటిని ముట్టనంటోంది," అంది నీలవేణి.

"వచ్చిన చోట వాళ్లలా తినడం నేర్చుకోవాలి! ముందు ఫొటో తియ్యి, మా అన్నయ్యకి పంపాలి."

పక్క పొయ్యి మీద ఓ తెల్లాయన పరోటాలు కాలుస్తున్నాడు. ఆయన కొడుకు మూతి తిప్పుకున్నాడు.

"ఎప్పుడూ సాసేజీలేనా? కొత్తవి తినడం నేర్చుకోవాలిరా!" కసిరాడాయన. "ముందు ఇటు చూసి నవ్వు, ఫొటో తీస్తున్నా."

ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఉన్న బెరుకు నీలవేణిని ఒక్కసారిగా వదిలేసింది. సాసేజీల పళ్లెం అందుకుని అటు నడిచింది.

"ఎక్కడికే?"

"పిల్లల తిండి మార్చుకోవడానికి. మీరూ ఆయనా పక్కపక్కన నిలబడి ఫొటో దిగండి."